కల్తీలేని అణువుకై అన్వేషణము

మధుమేహమును గూర్చి పరిశోధన జరుగు ప్రయోగశాలలో సున్నకు దిగువ 80 డిగ్రీల చలిలో నుంచిన పెట్టెను తెరచి చూచినచో, చిటికెనవ్రేలి కొనయంత గల ప్లాస్టికు గొట్టములు వరుసలు తీర్చి యుండుట కానవచ్చును. ఒక్కొక్క గొట్టముపై నంటించిన చీటీమీద ఒక మాంసకృత్తు పేరు, దాని అణుభారము, అది యే జీవకణములో తయారైనది, ఎంతవరకు శుద్ధమైనది యను వివరములుండును. లోపలి సరకు మాత్రము కంటికి సరిగా నానదు. గొట్టము అడుగున తెల్లని పలుచని పొర యొకటి అంటుకొని యుండిన నుండును, లేకున్న లేదు. తూచినచో మిల్లీగ్రాములో పదియవ వంతో, అంతకు తక్కువయో తూగును. వెల కట్టినచో గ్రాముకు గ్రాము బంగారమే మిక్కిలి చవుక.

ఇవి జంతువుల యవయవములనుండి పిండి తీసినవి కావు. మానవుని జన్యువును, లేదా ఎలుకయొక్క జన్యువును, సూక్ష్మజీవిలోనికో ఈస్టు కణములోనికో పురుగు కణములోనికో చొప్పించి, ఆ కణముచేతనే తయారు చేయించినవి. వీనిని పునస్సంయోజిత మాంసకృత్తులని పుస్తకములలో వ్రాయుదురు. ప్రయోగశాలలో పనిచేయువారు మాత్రము రీకాంబినెంట్ ప్రోటీనులనియే వ్యవహరింతురు. ఇన్సులిను, ఇన్సులినును పట్టుకొను గ్రాహకము, ఆకలిని అణచు లెప్టిను, చక్కెరను పెంచు గ్లూకగాను, వీనికి తోడు మనము తినిన అన్నము శక్తిగా మారు మార్గములో పనిచేయు పెక్కు ఎంజైములు ఈ గొట్టములలో చేరియున్నవి.

ఈ విద్యవలన గలిగిన లాభమేమని యడిగినచో, పూర్వము దుర్లభమైన పదార్థము విస్తారముగా లభించుటయే యని పలువురు చెప్పుదురు. అది నిజమే. కాని గొట్టములో ఏమున్నదో, ఏమి లేదో నిశ్చయముగా చెప్పగలుగుట అంతకంటె గొప్ప లాభమని నా యభిప్రాయము. ఏలయనగా ఇన్సులిను చరిత్రను మొదటినుండి పరికించినచో, శాస్త్రజ్ఞులను కొరతకంటె కల్తీయే యెక్కువగా బాధించినట్లు తెలియును.

1921వ సంవత్సరపు వేసవిలో కెనడా దేశమున టొరంటో విశ్వవిద్యాలయమందు, ఆచార్య మెక్లియోడ్ గారి ప్రయోగశాలలో, ఫ్రెడరిక్ బాంటింగ్ అను శస్త్రవైద్యుడును చార్లెస్ బెస్ట్ అను విద్యార్థియును కుక్కల క్లోమగ్రంథినుండి ఒక రసమును తీసి, క్లోమమును తొలగించుటచే మధుమేహము పాలైన కుక్కలకు దానిని ఎక్కించి, రక్తములోని చక్కెర తగ్గుటను గమనించిరి. 1922 జనవరి 11వ తేదీన లెనార్డ్ థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు ఆ రసమును సూదితో నెక్కించినపుడు ఫలితము స్వల్పమై, సూది పొడిచిన చోట గడ్డ లేచినది. పండ్రెండు దినములు గడచిన పిమ్మట, జేమ్స్ కాలిప్ అను జీవరసాయనవేత్త ఆల్కహాలు సాయముతో శుద్ధిచేసిన రసమును అదే బాలునకు మరల నెక్కింపగా, రక్తములోని చక్కెర పడిపోయి అతడు తేరుకొనెను. రోగి యొక్కడే, గ్రంథిరసమును ఒక్కటియే; రెండు సూదిమందులకు నడుమ మారినది శుద్ధి మాత్రమే. 1923లో నోబెల్ బహుమానము బాంటింగునకును మెక్లియోడునకును లభించినది. కాలిప్ పేరు నేటి వైద్య విద్యార్థులలో ననేకులకు తెలియకపోవుట న్యాయము కాదు.

అనంతరము అమెరికాలోను ఐరోపాలోను ఔషధ సంస్థలు పశువధశాలలనుండి పందుల, ఆవుల క్లోమగ్రంథులను బండ్లకొలది తెప్పించి ఇన్సులినును తీయనారంభించినవి. ఒక పౌను ఇన్సులినునకు దాదాపు 8,000 పౌనుల గ్రంథులు కావలసి యుండెను. 1926లో జాన్ ఏబెల్ ఇన్సులినును స్ఫటికరూపమున వేరుచేసినపుడు, స్ఫటికమైన పదార్థము శుద్ధమే యగునని లోకము తృప్తిపడినది. ఆ తృప్తి తొందరపాటని అంతకు మూడేండ్లు ముందుగనే ఒక సూచన కలిగియుండెను. అమెరికాలోని రోచెస్టరునందు కింబాల్, మర్లిన్ అనువారు క్లోమరసమును జంతువులకెక్కించినపుడు రక్తములోని చక్కెర తగ్గుటకు ముందు కొంచెము పెరుగుట చూచి, ఇన్సులినుతోపాటు దానికి విరుద్ధముగ వర్తించు పదార్థ మొకటి కలిసి యున్నదని యూహించి, దానికి గ్లూకగాను అని నామకరణము చేసిరి. పలువురు దానిని లెక్కచేయలేదు. చక్కెరను తగ్గించు మందులో చక్కెరను పెంచు వస్తువుండుట చాలమందికి వింతగా, అపశ్రుతిగా తోచి యుండవచ్చును.

ఇరువది యేండ్లకు పైగా గడచిన తరువాత ఈ సమస్య మరల తలయెత్తినది. కాలేయపు ముక్కలపై ఇన్సులినును పోసి పరీక్షించినవారికి కొందరు తయారుచేసిన ఇన్సులినుతో ఒక ఫలితమును, మరికొందరు తయారుచేసిన దానితో దానికి విపరీతమైన ఫలితమును వచ్చుచుండెను. ఒక దానిలో గ్లూకగాను మిగిలియుండుటయు, వేరొక దానిలో లేకుండుటయు ఇందుకు కారణమని క్రమముగా తేలినది. ఈ చిక్కును విప్పినవారిలో క్రిస్టియన్ డి డ్యూవ్, ఎర్ల్ సదర్లాండ్ అను ఇద్దరు ముఖ్యులు. సదర్లాండ్ గ్లూకగాను పనిచేయు తీరును వెదకుచు పోయి కణములోని సందేశవాహక మొకదానిని కనుగొని 1971లోను, డి డ్యూవ్ కాలేయమున ఇన్సులిను ప్రభావమును వెదకుచు పోయి లైసోసోములను కనుగొని 1974లోను నోబెల్ బహుమానములను పొందిరి. కల్తీని గుర్తించుటయే వారిరువురికి దారి చూపినది. అయినను ఆ నడుమ ఎన్ని ప్రయోగశాలలు తమకు వచ్చిన తప్పుడు ఫలితములను నమ్మి, ఎన్ని సిద్ధాంతములు కల్పించి, ఎన్నేండ్లు వృథా చేసికొనెనో యెవ్వరు లెక్కింపగలరు?

కేంబ్రిడ్జినందు ఫ్రెడరిక్ సాంగర్ దాదాపు పదేండ్లు శ్రమించి 1955 నాటికి ఇన్సులిను నిర్మాణమును పూర్తిగా తేల్చెను. అది 21 అమైనో ఆమ్లముల గొలుసొకటియు, 30 అమైనో ఆమ్లముల గొలుసొకటియు గంధకపు బంధములచే ముడివడిన యణువు. పంది ఇన్సులినునకును మానవుని ఇన్సులినునకును ఒక్క అమైనో ఆమ్లమున మాత్రమే భేదము. ఆవు ఇన్సులినునకు మూడింట భేదము. 1969లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందము ఆ యణువుయొక్క త్రిపరిమాణ రూపమును ఎక్స్‌కిరణముల సాయమున చూపినది. ఆ బృందమున నుండిన ఎం. విజయన్ గారు పిదప బెంగుళూరిలో స్ఫటికశాస్త్ర పరిశోధనకు పెద్దదిక్కయిరి. ఈలోగా 1967లో షికాగోయందు డొనాల్డ్ స్టైనర్ ఇంకొక సంగతిని బయటపెట్టెను. శరీరము ఇన్సులినును రెండు గొలుసులుగా వేర్వేరుగ తయారుచేయదు. ప్రోఇన్సులిను అను ఒకే పొడవైన గొలుసుగా అల్లి, అది సరిగా ముడుచుకొనిన పిమ్మట నడుమనున్న భాగమును కత్తిరించి వేయును. స్ఫటిక ఇన్సులినులో సైతము ఈ ప్రోఇన్సులిను కొంత మిగిలియుండెను. స్ఫటికమైనంత మాత్రమున శుద్ధమైనట్లు కాదని మరియొకసారి తేలినది.

ఇక జన్యువుల కథ. కోరిన చోట జన్యువులను కత్తిరించి, అతికించి, సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టు విద్య 1973లో కాలిఫోర్నియాయందు స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అనువారి కృషివలన సిద్ధించినది. మానవ ఇన్సులినును ఈ.కోలి అను సూక్ష్మజీవిచేత తయారు చేయింపవలెనని పలు బృందములు పోటీపడినవి. హార్వర్డునందలి వాల్టర్ గిల్బర్ట్ బృందము మానవుని కణితినుండి జన్యువును తీయదలచినది. అమెరికాలో అప్పటి కట్టుబాట్లు కఠినముగ నుండుటచే వారు 1978లో ఇంగ్లండునందలి పోర్టన్ డౌన్ అను సైనిక ప్రయోగశాలకు పోయి, ప్రవేశించునపుడు బట్టలు మార్చుకొని, వెలువడునపుడు స్నానము చేయుచు పనిచేసిరి. ఇంత శ్రమపడి తుదకు తాము పట్టిన జన్యువు మానవునిది కాక, మునుపటి పరిశోధనలో వాడిన ఎలుకదని తెలిసికొనిరి. ఎక్కడనో ఒక చుక్క కలిసినది. అంతటితో ఆ ప్రయాణము వ్యర్థమైనది.

పోటీలో గెలిచినవారు మరియొక త్రోవ త్రొక్కిరి. బోయర్ భాగస్వామిగా 1976లో స్థాపితమైన జెనెంటెక్ సంస్థవారును, లాస్ ఏంజలెస్ సమీపమునందలి సిటీ ఆఫ్ హోప్ వైద్యకేంద్రమున కేయిచి ఇటకురా, ఆర్థర్ రిగ్స్ అనువారును మానవుని కణమును ముట్టకయే, అప్పటికే తెలిసియున్న అమైనో ఆమ్లముల వరుసను చూచి, జన్యువును రసాయనముగా కూర్చిరి. ముందుగా 1977లో సొమాటోస్టాటిను అను 14 అమైనో ఆమ్లముల చిన్న హార్మోనుపై తమ పద్ధతిని పరీక్షించిరి. మొదటి ప్రయత్నమున ఏమియు దొరకలేదు. పరాయి తునకను చూచిన సూక్ష్మజీవి దానిని తన ఎంజైములతో అరగించివైచినది. అప్పుడు వారొక యుపాయము పన్నిరి. ఆ సూక్ష్మజీవికి స్వంతమైన బీటా గెలాక్టోసిడేజు అను పెద్ద మాంసకృత్తు తోకకు ఈ చిన్న హార్మోనును తగిలించి, రెంటికి నడుమ మిథియోనిను అను అమైనో ఆమ్లమును చేర్చిరి. సూక్ష్మజీవి దానిని తనదే యనుకొని జోలికి పోలేదు. తరువాత సైనోజన్ బ్రోమైడు అను రసాయనమును పోసినచో, అది మిథియోనిను ఉన్న చోటనే కత్తిరించును. ఇన్సులిను గొలుసులలో దైవవశమున మిథియోనిను ఒక్కటియు లేదు. కావున కత్తి జోడింపు చోటనే పడి, ఇన్సులిను చెక్కుచెదరక వెలువడును.

1978 ఆగస్టులో జెనెంటెక్ బృందమునందలి డేవిడ్ గోడెల్ ఇన్సులినుయొక్క రెండు గొలుసులను రెండు వేర్వేరు సూక్ష్మజీవి తెగలలో పెంచి, శుద్ధిచేసి, ఒకచోట కలిపి, గంధకపు బంధములు ఏర్పడునట్లు చేసెను. సెప్టెంబరులో వార్త లోకమునకు వెల్లడియైనది. 1982లో ఎలీ లిలీ సంస్థవారి హ్యూములినునకు అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగినది. జన్యువిద్యచే తయారై విపణికి వచ్చిన మొదటి ఔషధమదియే. ఆ పిదప డెన్మార్కునందలి నోవో సంస్థవారు ఈస్టులో పెంచిరి. మన దేశమున వోక్‌హార్ట్ 2003లోను, బయోకాన్ 2004లోను తమ ఇన్సులినును విపణికి తెచ్చినవి.

ఔషధము సంగతి పాఠకులకు కొంత తెలిసినదే. ప్రయోగశాలలో జరుగు సంగతి వేరు. అచ్చట కావలసినది రోగికి వలె కిలోగ్రాములు కాదు, పదులకొలది వేర్వేరు మాంసకృత్తులు, ఒక్కొక్కటి కొంచెము కొంచెముగ. ఒక విద్యార్థిని హైదరాబాదులోనో వేరెక్కడనో ఇట్టి మాంసకృత్తు నొకదానిని తయారు చేయుచున్నదనుకొందము. కోరిన జన్యువును ప్లాస్మిడు అను వలయాకారపు డీఎన్‌ఏలో నతికించి, ఈ.కోలిలో ప్రవేశపెట్టి, 37 డిగ్రీల వెచ్చదనమున గాజు సీసాలను గిరగిర త్రిప్పు యంత్రములో నుంచును. సూక్ష్మజీవి ఇరువది నిమిషములకొకసారి రెట్టింపగుచు, తేటగానున్న ద్రవమును మబ్బుగా మార్చును. ఆ మబ్బుతనమును కొలిచి, తగిన పాకమున నున్నపుడు ఐపీటీజీ అను రసాయనమును చిలకరించినచో, నిద్రించుచున్న జన్యువు మేల్కొనును. ఉష్ణమును 18 డిగ్రీలకు దించి రాత్రియంతయు నుంచినచో, మాంసకృత్తు తొందరపడక సరిగా ముడుచుకొనుటకు అవకాశమధికము. తెల్లవారిన పిమ్మట సూక్ష్మజీవులను యంత్రములో త్రిప్పి అడుగునకు దింపి, మంచుగడ్డలపై నుంచి, శబ్దతరంగములతో పగులగొట్టుదురు.

ఇక్కడినుండియే అసలు పని. పగిలిన సూక్ష్మజీవిలో వేలకొలది స్వంత మాంసకృత్తులున్నవి. వానిలో మనకు కావలసినది ఒక్కటి. అందుచేత ముందుగనే దాని కొనకు ఆరు హిస్టిడినులనెడి చిన్న తోకను చేర్చియుంచుదురు. హిస్టిడినులకు నికెలు లోహమునందు మక్కువ హెచ్చు. నికెలు పూసిన పూసలను నింపిన స్తంభములోనుండి ఆ రసమును పోనిచ్చినచో తక్కినవన్నియు జారిపోవును, తోకగలది మాత్రమంటుకొనును. పిదప ఇమిడజోలు ద్రవముతో దానిని విడిపించి, ఒక్కొక్క చుక్కను జెల్లు పలకమీద పరుగెత్తించి, ఉన్ని బట్టలకై పుట్టిన కూమాసీ యను నీలిరంగును పోయుదురు. రంగును కడిగిన పిమ్మట ఒక్కొక్క బాటలో నీలిగీతలు తేలును. మొదటి బాటలో లెక్కకందనన్ని గీతలు. స్తంభము దాటిన బాటలో, అదృష్టమున్నచో, ఒక్కటే గీత. ఆ గీతను చూచి సంతోషింపని పరిశోధకుడుండడు. అయితే ఆ సంతోషమున సగమే న్యాయమైనది. గీత యొక్కటే యుండుట వేరు, ఆ గీతలోని యణువు సరిగా ముడుచుకొని పనిచేయుట వేరు.

మానవుని మాంసకృత్తులు ఈ.కోలిలో పెక్కుసార్లు చిక్కుపడిన నూలువలె గడ్డకట్టి, పనికిరాని ముద్దలుగా మిగులును. ఇన్సులినును, లెప్టినును ఇట్లే దొరకును. ఆ ముద్దను యూరియా మొదలగు వానిలో కరగించి, చిక్కును పూర్తిగా విప్పి, మెల్లమెల్లగ యూరియాను తొలగించుచు అణువు తనంతట తాను మరల ముడుచుకొనునట్లు చేయవలెను. గంధకపు బంధములు సరియైన జతలుగా కుదురక వేరు జతలు పెట్టుకొనినచో, భారము సరిపోవును, గీత సరిపోవును, పని మాత్రము జరుగదు. అందుచే తెలిసిన ప్రయోగశాలలు గీతను చూచి విడువక, ఆ మాంసకృత్తు కణములపై పనిచేయుచున్నదా లేదా యని పరీక్షించి గాని వాడవు.

కొన్నింటికి ఈ.కోలి బొత్తిగా పనికిరాదు. ఇన్సులిను గ్రాహకము అట్టిది. అది కణపు పొరకు వెలుపల రెండు భాగములతో ఇన్సులినును పట్టుకొని, లోపలనున్న రెండు భాగములతో సందేశమును పంపు పెద్ద యణువు. దానికి చక్కెర కొమ్మలు తగిలింపవలెను, ఆ విద్య ఈ.కోలికి రాదు. 1985లో దాని జన్యువు దొరికిన తరువాత, దానిలోని ముక్కలను పురుగు కణములలోను క్షీరదకణములలోను పెంచి, దాని రూపమును ముక్కముక్కగా తెలిసికొనిరి. లోపలి భాగము తానొక ఎంజైము: ఏటీపీ యను అణువునుండి ఫాస్ఫేటును తీసి టైరోసిను అను అమైనో ఆమ్లమునకు తగిలించును, ముందుగా తన మేనిమీద మూడు చోట్ల తగిలించుకొని తానే మేల్కొనును. ఈ ఏటీపీ పేరు వినినపుడు తెలుగువారికి గుర్తు రావలసిన వ్యక్తి యొకరున్నారు. భీమవరమున పుట్టి హార్వర్డులో పనిచేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరములో ఏటీపీని కనుగొనిన వారిలో నొకరు. వారును కార్ల్ లోమన్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడును ఒకరినొకరెరుగక ఒకే యేట అదే పదార్థమును చేరిరి. నేడు శుద్ధమైన గ్రాహకపు ముక్కను, శుద్ధమైన ఏటీపీని గొట్టములో కలిపి, ఫలానా మందు గ్రాహకమును సూటిగా తాకుచున్నదా, లేక మరియొక దానిద్వారా తాకుచున్నదా యని ఒక్క పూటలో తేల్చగలుగుచున్నారు. సజీవకణములో ఈ ప్రశ్నకు సమాధానము దొరకుట కష్టము. అక్కడ ప్రతిదియు ప్రతిదానితో పెనవేసికొని యుండును.

పునస్సంయోజిత మాంసకృత్తు ఒక ప్రశ్నకు ఎట్లు ముగింపు పలుకగలదో చూడవలెనన్నచో లెప్టిను కథను మించినది లేదు. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో రెండు తెగల స్థూలకాయపు చిట్టెలుకలుండెను. డగ్లస్ కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు రెండెలుకల చర్మమును కలిపి కుట్టి, వాని రక్తము ఒకదానిలోనుండి మరియొకదానిలోనికి పాఱునట్లు చేసి చూచెను. మొదటి తెగ యెలుకను మామూలు ఎలుకతో జతపరచగా, స్థూలమైనది తిండి తగ్గించి చిక్కినది. రెండవ తెగ యెలుకను మామూలు ఎలుకతో జతపరచగా, మామూలు ఎలుక తిండిమాని మరణించినది. కావున మొదటి తెగకు ఆకలినణచు పదార్థ మేదియో కొరవడినదనియు, రెండవ తెగలో ఆ పదార్థము సమృద్ధిగా నున్నను దానిని గ్రహించు శక్తి లేదనియు కోల్మన్ నిర్ణయించెను. ఆ పదార్థమేదియో చూపుమని యడిగిన వారికి చూపుటకు ఆయన చేతిలో నేమియు లేకపోయెను. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము ఆ జన్యువును కనుగొనినది. మరుసటి యేడు ఆ జన్యువుతో ఈ.కోలిలో తయారైన లెప్టినును మొదటి తెగ యెలుకలకెక్కింపగా అవి చిక్కినవి. రెండవ తెగ యెలుకలలో ఏ మార్పును కలుగలేదు. ఊహించి యిరువదేండ్లు దాటిన మాట, చేతికొక శుద్ధపదార్థము రాగానే కొలది వారములలో రుజువైనది. మానవులలో సామాన్య స్థూలకాయమునకు లెప్టిను మందు కాలేదు. ఏలయనగా స్థూలకాయులలో అది యిదివరకే యెక్కువగ నుండును. కొవ్వు పొర లోపించు అరుదైన వ్యాధికి మాత్రము 2014లో అమెరికాలో అనుమతి లభించినది.

సమృద్ధివలన ఒక దోషమును కలిగినది. ఉపవాసముననున్న మానవుని రక్తములో ఇన్సులిను అత్యల్పము. ప్రయోగశాలలో కణములపై పోయు ఇన్సులిను పెక్కు సందర్భములలో అంతకు వేయిరెట్లు దాటును. అంత మోతాదున ఇన్సులిను తన గ్రాహకమునే గాక, పెరుగుదలకు సంబంధించిన దాని బంధువుయొక్క గ్రాహకమును గూడ తట్టును. చవుకగా దొరకుచున్నది గదా యని చేయి జారవిడిచిన పోత యిది. ఇట్టి ప్రయోగములను చదువునపుడు మోతాదును ముందు చూచి, ఫలితమును తరువాత చూచుట మేలు.

ఇక అన్నిటికంటె మోసకరమైన కల్తీ యొకటి మిగిలియున్నది. ఈ.కోలి బాహ్యపొరలో ఎండోటాక్సిను అను కొవ్వు, చక్కెరల సమ్మేళనమున్నది. మన శరీరము దానిని చూచినచో శత్రువు వచ్చెనని భ్రమించి జ్వరమును, వాపును తెప్పించును. శరీరభారములో కిలోగ్రాముకు ఒకటి రెండు నానోగ్రాములే యందుకు చాలును. అది నీలిరంగు గీతగా జెల్లుమీద కనపడదు, మరగించినను నశింపదు. కొవ్వుకణములలో పుట్టు టీఎన్ఎఫ్ అను వాపు మాంసకృత్తు ఇన్సులిను పనిని అడ్డుకొనునని 1993లో గోఖాన్ హోటామిస్లిగిల్ మొదలగువారు చూపిరి. కొద్దిపాటి ఎండోటాక్సిను చిట్టెలుకల రక్తములో నిరంతరము పాఱినచో వానికి స్థూలకాయమును ఇన్సులిను నిరోధమును కలుగునని 2007లో ఫ్రాన్సునందలి శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పాఠకులీ రెంటిని కలిపి చూడుడు. ఒక కొత్త మాంసకృత్తును ఈ.కోలిలో తయారుచేసి, ఎలుకకెక్కించి, ఇన్సులిను నిరోధము కలిగెనని యొకరు ప్రకటించినచో, ఆ పని మాంసకృత్తు చేసినదో, దాని వెంట దాగి వచ్చిన ఎండోటాక్సిను చేసినదో యెట్లు తెలియును? ఉష్ణఘాత మాంసకృత్తులని పేరుగలవి కొన్ని వాపును రేపునని ఒకప్పుడు విరివిగా వ్రాసిరి. ఎండోటాక్సినును తొలగించి చూచినపుడు వానిలో కొన్నింటి ప్రతాపము మాయమైనది.

ఇందుకొక సులభమైన పరీక్ష కలదు. మాంసకృత్తును కాచి, దాని రూపమును చెరచి, ఆ పిమ్మట కణములపై పోయవలెను. మాంసకృత్తు చేయు పని యైనచో నిలిచిపోవును. ఎండోటాక్సిను పని యైనచో యథాతథముగ సాగును. ఒక్క పొయ్యి, ఒక్క గొట్టము చాలును. ఇట్టి పరీక్ష లేని వ్యాసములు నేటికిని అచ్చగుచుండుట విచారకరము. ఎండోటాక్సినును కొలుచుటకు చిరకాలముగ సముద్రమునందలి గుర్రపునాడ ఆకారపు పీతల నీలిరక్తమును వాడుచున్నారు. ఆ రక్తములోని ముఖ్యమైన మాంసకృత్తును సింగపూరు శాస్త్రజ్ఞులైన డింగ్, హో అనువారు జన్యువిద్యచే తయారు చేసిరి. కావున ఇప్పుడొక పునస్సంయోజిత మాంసకృత్తు కల్తీని మరియొక పునస్సంయోజిత మాంసకృత్తే పట్టి యిచ్చుచున్నది.

తెలుగునాట ఈ విద్య కొత్తది కాదు. 1993లో వరప్రసాదరెడ్డి గారు హైదరాబాదున స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్టులో తయారైన హెపటైటిస్ బి టీకాను తెచ్చి, అంతవరకు దిగుమతియే గతియైన దానిని సామాన్యునకు అందుబాటు చేసినది. మందుగా వెలువడు మాంసకృత్తునకు ప్రభుత్వ పరీక్షలు, క్రిమిరహితముగ నింపు ఏర్పాట్లు, ప్రతి తయారీకి లెక్కపత్రములు నుండును. ప్రయోగశాలకై అమ్ముడుపోవు గొట్టమునకు అవి యుండవు. అందుచేతనే దానిపై "పరిశోధనకు మాత్రమే" యని అచ్చువేయుదురు. ఇటీవల కొన్ని దేశములలో బరువు తగ్గుటకును కండలు పెరుగుటకును ఇట్టి చీటీ గల పెప్టైడులను అంతర్జాలమున కొని తమకు తామే సూదివేసికొనుచున్నవారు కలరు. అందులో ఎండోటాక్సిను ఎంతయున్నదో, చీటీమీది మోతాదు నిజమో కాదో వారికి తెలియదు. అట్టి సీసాను ఎవరైన తెచ్చి చేతికిచ్చినచో ఎంత నమ్మకస్థులైనను పుచ్చుకొనవలదు; మధుమేహమునకు వైద్యుడు వ్రాసిన ఇన్సులినును మందుల దుకాణమున చీటీపైని గడువు చూచి కొనుడు, వైద్యుని మాట లేక దానిని మానకుడు.